స్టాండప్ ఎవరి కోసం? మా ఉద్యమ ప్రణాళిక

మేం సాఫ్ట్‌వేర్ పని చేసి బతికేవాళ్లం. మాలో కోడ్ రాసేవాళ్లు, టెస్టర్లు, సపోర్ట్‌లో రాత్రిళ్లు మేలుకునేవాళ్లు, స్క్రమ్ మాస్టర్లు ఉన్నారు. డెలివరీ మేనేజర్లు కూడా కొందరున్నారు; వాళ్లను చేర్చుకోవాలా వద్దా అని మొదట్లో కాస్త గొడవే జరిగింది. ఎక్కువమందిమి హైదరాబాద్‌లో, మాధాపూర్‌కీ నానక్‌రామ్‌గూడకీ మధ్య పనిచేస్తాం. విశాఖ, బెంగళూరు, డాలస్‌లలో ఉన్నవాళ్లూ కలిశారు. అందరి రెజ్యూమెల్లోనూ ఎజైల్ అన్న మాట ఉంది. దాని పేరుతో ఎంత పని జరుగుతోందో, ఎంత తంతు జరుగుతోందో కూడా అందరికీ తెలుసు. తెలిసీ ఊరుకున్నది చాలనిపించి ఈ ప్రణాళిక రాసుకున్నాం.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. పని ఎలా సాగుతోందో పనిచేసేవాళ్లే చూసుకుని, వాళ్లే దిద్దుకోవడానికి పుట్టిన పద్ధతి ఎజైల్. మన ఆఫీసుల్లో అది పనిచేసేవాళ్ల మీద పైవాళ్లు పెట్టే నిఘాగా మారిపోయింది. దాన్ని మళ్లీ టీమ్ చేతికి తేవాలి.

ఒక స్టాండప్‌ను దగ్గర్నుంచి చూడండి. రాత్రి ఎనిమిదిన్నర, అమెరికా తూర్పు తీరంలో చలికాలం ఉదయం పది. కాల్‌లో 14 మంది. మేనేజర్ జిరా బోర్డు తెరిచి స్క్రీన్ షేర్ చేసి, ఒక్కొక్కరి పేరూ పిలుస్తాడు. పిలుపు వచ్చినవాళ్లు మ్యూట్ తీసి, నిన్న చేసింది, ఇవాళ చేయబోయేది చెప్పి, ‘నో బ్లాకర్స్’ అని మళ్లీ మ్యూట్‌లోకి వెళ్లిపోతారు. మాట్లాడేది ఒకరు, వినేది ఒకరు. మిగతావాళ్లలో ఒకరు పిల్లాడికి అన్నం పెడుతుంటారు, ఇంకొకరు క్యాబ్‌లో గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఇరుక్కుని ఉంటారు. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ రెండ్రోజులుగా పడిపోయి ఉందని వాళ్లలో కనీసం నలుగురికి తెలుసు. ఒక్కరూ నోరెత్తరు. ఎత్తితే దానికో మెయిల్, ఆ మెయిల్‌లో నలుగురు పెద్దలకు కాపీ, ఆ పైన ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న. కాల్ అయిపోయిన నిమిషానికి వాట్సాప్ గ్రూపులో అసలు స్టాండప్ మొదలవుతుంది: ‘అన్నా, ఎన్విరాన్‌మెంట్ ఎవరికైనా లేచిందా?’ ‘లేదక్కా, నేను లోకల్‌లోనే చూసుకుంటున్నా.’

ఆ వాట్సాప్ మాటలే ఎజైల్. దానికి ముందు గంటసేపు నడిచింది హాజరు పట్టీ.

ఎజైల్ పద్ధతుల్లో ఒకటి స్క్రమ్. దాని నియమాలున్న స్క్రమ్ గైడ్ చదివినవాళ్లు మనలో తక్కువ. అదేమంత పెద్ద పుస్తకం కూడా కాదు, కాఫీ తాగేలోపు సగం అయిపోతుంది. రోజువారీ స్క్రమ్, అంటే మన స్టాండప్, 15 నిమిషాలకు మించకూడదని, అది డెవలపర్ల కోసమని అందులో ఉంది. మనం మంత్రంలా వల్లించే మూడు ప్రశ్నలను 2020 కూర్పులో తీసేశారు. అంతకుముందే, 2011లో, స్ప్రింట్‌కు ఎత్తుకున్న పనిని ‘కమిట్‌మెంట్’ అనడం మాని ‘ఫోర్‌కాస్ట్’ అన్నారు. అది ఒట్టు కాదు, అంచనా. ఇన్నేళ్లు గడిచినా మన స్ప్రింట్ ప్లానింగ్‌లలో ‘కమిట్ అయ్యారు కదా’ అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ ఒక్క మాట కోసం మనవాళ్లు ఎన్ని శనివారాలు ఆఫీసుకు ధారపోశారో లెక్క లేదు.

ఎక్కడ దారి తప్పింది

2001 ఫిబ్రవరి 11 నుంచి 13 దాకా అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది కలిశారు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్, రాన్ జెఫ్రీస్, మార్టిన్ ఫౌలర్, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ వాళ్లలో ఉన్నారు. అందరూ మగవాళ్లే, మన దేశం నుంచి ఒక్కరూ లేరు. తలా ఒక పద్ధతి పట్టుకుని వచ్చినవాళ్లు నాలుగు విలువల మీద ఒప్పుకుని వాటికి ఎజైల్ అని పేరు పెట్టారు, తర్వాత 12 సూత్రాలు రాశారు. ఆ సూత్రాల్లో చివరిది మాకు అన్నిటికన్నా ముఖ్యం. టీమ్ క్రమం తప్పకుండా ఆగి, ఇంకా బాగా ఎలా పనిచేయవచ్చో ఆలోచించుకుని, దాని ప్రకారం తన తీరు మార్చుకుంటుందన్నది దాని సారం. మార్చుకునేది టీమ్. ఆడిట్ విభాగమో, ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫీసో అని అక్కడ లేదు.

ఆ ఆలోచన కూడా రాత్రికి రాత్రి పుట్టింది కాదు. వాటర్‌ఫాల్‌కు మూలపురుషుడని అందరూ చెప్పే విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన వ్యాసంలో, ఒక దశ తర్వాత ఒకటిగా మెట్లు దిగే బొమ్మ గీసి, ఇలా చేస్తే ప్రమాదమని కూడా రాశాడు. లోకం బొమ్మ తీసుకుని హెచ్చరిక వదిలేసింది. 1986లో హిరోటాకా టకెయుచి, ఇకుజిరో నొనాకా జపాన్ కంపెనీలను చూసి, కొత్త వస్తువులు తయారుచేసే టీమ్‌లు రగ్బీ ఆటగాళ్లలా అందరూ కలిసి ముందుకు కదులుతాయని రాశారు. స్క్రమ్ అన్న మాట అక్కడిదే. 1995లో ష్వేబర్, సదర్లాండ్ దాన్ని సాఫ్ట్‌వేర్‌కు అన్వయించి ఒక సదస్సులో ముందుపెట్టారు.

అదే కాలంలో మనం వేరే దారిలో ఉన్నాం. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. వైటూకే పని మీద వేలమంది తెలుగువాళ్లు విమానమెక్కిన రోజులవి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టిన సీఎంఎం కొలమానంలో ఐదో స్థాయి తెచ్చుకోవాలని మన దేశపు కంపెనీలు పోటీపడ్డాయి. అందులో తప్పు పట్టేదేం లేదు. ఏడు సముద్రాల అవతలి క్లయింట్‌కు మన మొహం తెలియదు, మన కాగితాలే తెలుసు. ఆ కాగితాలు చూసే పని ఇచ్చాడు. ఏం కావాలో వాళ్లు అక్కడ రాస్తారు, మనం ఇక్కడ కోడ్ చేస్తాం, నడుమ సంతకాలు పెట్టిన డాక్యుమెంట్లు. మన పరిశ్రమ ఆ తీరు మీదే లేచింది.

తర్వాత క్లయింటే ఎజైల్ కావాలన్నాడు. మనం అన్నిటినీ చేసినట్టే దాన్నీ చేశాం: టెంప్లేట్, చెక్‌లిస్టు, ఆడిట్, ప్రతి స్ప్రింట్‌కూ ఒక పీపీటీ. కాంట్రాక్టు మాత్రం మారలేదు. ఏం చేయాలో ముందే రాసిపెట్టి, తేదీ ముందే ఖాయం చేసి, డబ్బు ముందే తేల్చి, ఆపైన మార్పును స్వాగతించండి అంటే ఆ మార్పు ఎవరి నెత్తిన పడుతుంది? రాత్రి కూర్చునేవాళ్ల నెత్తిన. స్నోబర్డ్‌లో చేరినవాళ్లు కాంట్రాక్టు బేరాల కన్నా కస్టమర్‌తో కలిసి పనిచేయడం మిన్న అన్నారు. సర్వీసెస్ కంపెనీకి కాంట్రాక్టే తిండి కదా అన్న సంగతి మేం మరచిపోలేదు. అందుకే కాంట్రాక్టులు చించేయమని మేం అడగం. కొత్త కాంట్రాక్టు రాసేటప్పుడు తేదీనీ డబ్బునీ బిగించి, చేయాల్సిన పనుల జాబితానైనా వదులుగా ఉంచమని సేల్స్ వాళ్లను, డెలివరీ పెద్దలను అడుగుతాం. మాలోని మేనేజర్లు చేరింది ముఖ్యంగా ఈ పని కోసమే.

ఇక ఒక్కో పనికి (స్టోరీకి) అంచనాగా వేసే పాయింట్ల సంగతి. ‘పోయిన స్ప్రింట్‌లో 38 చేశారు, ఈసారి 45 రావాలి’ అని పైనుంచి మాట వస్తుంది. వస్తాయి, ఎందుకు రావు? నిన్నటి దాకా 5 పాయింట్ల స్టోరీ ఇవాళ 8 అవుతుంది. చేసిన పని అదే, గ్రాఫ్ మాత్రం పైకి లేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. స్టోరీ పాయింట్లు తానే కనిపెట్టి ఉండొచ్చని, అలాగైతే అందుకు చింతిస్తున్నానని రాన్ జెఫ్రీసే రాశాడు. స్నోబర్డ్ 17 మందిలోని మరొకాయన, డేవ్ థామస్, ఎజైల్ చచ్చిపోయిందని 2014లోనే ప్రకటించాడు. పుట్టించినవాళ్లే అంత మాటన్నాక మనం దాని బొట్టూ కాటుకా కాపాడుతూ కూర్చోనక్కర్లేదు.

మాటల తంతు నిలబడి, చేతి పని జారిపోవడం ఇంకో దెబ్బ. 1996 నుంచి క్రైస్లర్ కంపెనీ జీతాల సాఫ్ట్‌వేర్ మీద కెంట్ బెక్, అతని తోటివాళ్లు పనిచేస్తూ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌కు రూపు తెచ్చారు. కోడ్ కన్నా ముందు టెస్ట్ రాయడం, ఇద్దరు ఒకే కీబోర్డు ముందు కూర్చోవడం, రాసినదాన్ని రోజుకు ఎన్నోసార్లు కలిపి చూసుకోవడం, చిన్న చిన్న రిలీజులు. స్క్రమ్ మీటింగులు పెట్టుకుని వీటిని వదిలేసిన టీమ్ కొన్నాళ్లకు తన కోడ్ బురదలోనే కూరుకుపోతుందని ఫౌలర్ 2009లో రాశాడు. మన దగ్గర అదే జరిగింది. రెండు వారాల స్ప్రింట్‌లో ఎనిమిదో రోజు దాకా కోడింగ్. తొమ్మిదో రోజు సాయంత్రం టెస్టర్ చేతికి బిల్డ్ వస్తుంది. ఆమె దగ్గర 200 మాన్యువల్ టెస్ట్ కేసులున్నాయి, రేపు మధ్యాహ్నం డెమో. ఆమె ఏం చేస్తుంది? ముఖ్యమైనవి 40 ఏరుకుని చూసి, మిగతావి పాస్ అని కొట్టేస్తుంది. ఆ మిగతావాటిలో ఉన్న బగ్ నెల తర్వాత ప్రొడక్షన్‌లో బయటపడితే, తప్పెక్కడ జరిగిందో తవ్వే ఆర్‌సీఏ మీటింగ్‌లో సంజాయిషీ చెప్పేదీ ఆమే. ఆటోమేటెడ్ టెస్టులు లేని చోట రెండు వారాల స్ప్రింట్ అంటే టెస్టర్‌ను రెండు వారాలకోసారి బలిపెట్టడమే.

అందుకని మా పాఠం మీటింగుల దగ్గర మొదలవ్వదు. బిల్డ్ దగ్గర మొదలవుతుంది.

మేం చేసే పని

సాయం అడిగిన టీమ్ దగ్గరకు మాలో ఇద్దరు వెళ్తారు, మూడు స్ప్రింట్‌ల పాటు వాళ్లతో ఉంటారు. డబ్బు తీసుకోం. ఓడీసీల (క్లయింట్ పనికి ప్రత్యేకించిన ఆఫీసుల) లోపలికి బయటి కంపెనీవాళ్లను రానివ్వరని మాకు తెలుసు. అందుకే వీలైనంత వరకు అదే కంపెనీలో వేరే టీమ్‌లో ఉన్నవాళ్లే వెళ్తారు. అలాంటివాళ్లు లేకపోతే బయట కలుద్దాం. అప్పుడు మాకు కోడ్ చూపించొద్దు, క్లయింట్ పేరూ చెప్పొద్దు. పని ప్రయాణం ఒక్కటి చెబితే చాలు.

ఆ ప్రయాణాన్ని తెల్ల కాగితం మీద గీస్తాం. ఒక చిన్న మార్పు, ఉదాహరణకు ఒక ఫారంలో పిన్‌కోడ్ గడి సరిచేయడం. అది అడిగిన రోజు నుంచి వాడేవాళ్ల ముందుకు చేరిన రోజు దాకా ఎవరెవరి చేతుల్లోంచి వెళ్లింది, ఎక్కడ ఎన్ని రోజులు ఆగింది? కోడ్ రాయడానికి రెండు గంటలు పట్టి, రివ్యూ కోసం మూడు రోజులు, ఎన్విరాన్‌మెంట్ కోసం రెండు రోజులు, నెలాఖరు రిలీజ్ విండో కోసం పన్నెండు రోజులు ఆగి ఉండొచ్చు. గీసి చూపిస్తే చాలాసార్లు మేం ఏమీ చెప్పనక్కర్లేదు, టీమే పొడుగ్గా ఉన్న గీతలను చూపించి మాట్లాడటం మొదలుపెడుతుంది. అక్కడ పట్టుకుంటాం. రివ్యూ మూడు రోజులు ఆగుతోందంటే పుల్ రిక్వెస్టులు పెద్దవై ఉంటాయి. చిన్నవి చేయడం ఎలాగో పక్కన కూర్చుని చూపిస్తాం. టెస్టులు లేకపోతే ఎక్కువసార్లు విరిగే చోట మొదటి పది టెస్టులు కలిసి రాస్తాం. కోడ్ సగం మెషీన్ రాసిపెడుతున్న ఈ రోజుల్లో రివ్యూ దగ్గర క్యూ ఇంకా పెరిగింది కాబట్టి ఈ పని ఇప్పుడు మరీ అవసరం.

కొలవాలంటే నాలుగు కొలతలు చాలు. ఎన్నిసార్లు రిలీజ్ చేస్తున్నారు, కోడ్ రాసింది వాడుకలోకి రావడానికి ఎంతకాలం పడుతోంది, చేసిన మార్పుల్లో ఎన్ని బెడిసికొడుతున్నాయి, బెడిసినప్పుడు లేవడానికి ఎంతసేపు పడుతోంది. నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ 2018లో తెచ్చిన ‘యాక్సిలరేట్’ పుస్తకం నిండా వీటి చర్చే. ఈ అంకెలు టీమ్ గోడ మీదే ఉండాలి. రెండు టీమ్‌లను పక్కపక్కన నిలబెట్టి పోల్చడానికి వాడితే, పాయింట్లకు పట్టిన గతే వీటికీ పడుతుంది.

టీమ్ ఆగి తన పని తీరును చూసుకునే మీటింగ్ రెట్రో. దాని గురించి మాకు గట్టి పట్టుదల ఉంది. అప్రైజల్ రేటింగ్ ఇచ్చే మనిషి ఆ గదిలో ఉండకూడదు. ఆయన మంచివాడే కావచ్చు, నిజం మాత్రం రాదు. తప్పు ఒప్పుకున్నా ఏమీ కాదన్న నమ్మకం ఉన్న టీమ్‌లే నేర్చుకుంటాయని ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో పరిశోధించి చూపించింది. బెంచ్ భయం, లేఆఫ్ భయం నడుస్తున్న మన ఆఫీసులకు ఆ సంగతి చెప్పడానికి పరిశోధన కూడా అక్కర్లేదు. ఇంకో మాట: తెలుగువాళ్లే ఉన్న టీమ్‌లో రెట్రో తెలుగులో పెట్టుకోండి. అమీర్‌పేటలో కోర్సు చేసి, మొన్ననే చేరిన కుర్రాడు ఇంగ్లిష్ కాల్‌లో ‘ఆల్ గుడ్’ తప్ప ఏమీ అనడు. అదే కుర్రాడు కింద టీ కొట్టు దగ్గర డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులో తప్పెక్కడుందో లైన్ నంబరుతో సహా చెబుతాడు. టీమ్‌లో తమిళం, హిందీ మాట్లాడేవాళ్లుంటే అందరికీ కుదిరే కలగాపులగం చాలు. ఒక రెట్రోకు ఒక్క మార్పే ఎంచుకోవాలి. అది వచ్చే స్ప్రింట్ బోర్డు మీద మిగతా పనులతో పాటు టికెట్‌గా ఉండాలి. ఇరవై పచ్చ చీటీలు, ఇరవై ఎర్ర చీటీలు అతికించి ఫొటో తీసి కాన్‌ఫ్లుయెన్స్‌లో పెట్టడాన్ని మేం రెట్రో అనం.

రాత్రి కాల్స్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పది పన్నెండు గంటల తేడా ఉన్న రెండు ఊళ్ల మధ్య ఎవరో ఒకరు ఇబ్బంది పడక తప్పదు. ఎప్పుడూ మనమే ఎందుకు పడాలి? ఒక నెల వాళ్లు పొద్దున్నే లేవాలి, ఒక నెల మనం రాత్రి కూర్చోవాలి. ఈ భారం ఆడవాళ్ల మీద రెట్టింపు పడుతోంది. రోజూ రాత్రి కాల్స్‌లో ఉండలేక లీడ్ అవకాశం వదులుకున్న అక్కలు మా మధ్యే ఉన్నారు. రోజువారీ స్టాండప్‌ను ఇక్కడి టీమ్ పొద్దున పెట్టుకుని, అవతలివాళ్లతో వారానికి రెండు మూడుసార్లు కలవడం సాధ్యమే. అలా చేసిన టీమ్‌లున్నాయి, ఆకాశం ఊడిపడలేదు.

సపోర్ట్ టీమ్‌లకు వేరే మాట. మీకు స్ప్రింట్ అక్కర్లేదు. అర్ధరాత్రి వచ్చే అత్యవసర పీ1 టికెట్ మీ స్ప్రింట్ ప్లానింగ్ దాకా ఆగుతుందా? ఎజైల్ అంటే స్ప్రింటే అని ఎవరో చెబితే మీరు రెండు వారాలకోసారి ఉత్తుత్తి ప్లాన్ వేస్తున్నారు. టయోటాలో తైచి ఓనో పెంచిన కాన్‌బాన్ మీకు నప్పుతుంది: ఒకేసారి ఎన్ని టికెట్లు చేతిలో ఉండొచ్చో హద్దు పెట్టుకోండి, ఒకటి ముగిశాకే ఇంకొకటి ఎత్తండి. ఇది నిజమైన ఎజైల్ కాదని ఎవరైనా అంటే మా దగ్గరకు పంపండి.

మేం చేయని పని

సర్టిఫికెట్లు ఇవ్వం. రెండ్రోజుల క్లాసు, ఒక పరీక్ష, లింక్డిన్‌లో ఒక బ్యాడ్జీ అనే దారి ఇప్పటికే రద్దీగా ఉంది. టీమ్‌లకు మార్కులు వేయం. చూసిందాన్ని మేనేజ్‌మెంట్‌కు రిపోర్ట్ చేయం. మాలోని మేనేజర్లు కూడా ఈ షరతుకు ఒప్పుకునే చేరారు. వందమందికి ఒకేసారి కొత్త ఫ్రేమ్‌వర్క్ తొడిగే పెద్ద ప్రోగ్రాముల్లో పాలుపంచుకోం. రిలీజ్ వెనకబడిందని బెంచ్ మీది నలుగురిని తెచ్చి పడేస్తే అది ఇంకా వెనకబడుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. అలాంటి పడేసే పనికి ఎజైల్ పేరు పెడితే మాట్లాడకుండా ఉండం.

‘మాది బ్యాంకు ప్రాజెక్టు, మాది ప్రభుత్వ ప్రాజెక్టు, రూల్స్ ఒప్పుకోవు’ అన్న మాట తప్పకుండా వస్తుంది. అమెరికా ఎఫ్‌బీఐ కన్నా రూల్స్ ఎక్కువున్న ఆఫీసు ఎక్కడుంది? కేసుల ఫైళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే వర్చువల్ కేస్ ఫైల్ అన్న ప్రాజెక్టును ఆ సంస్థ దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టాక 2005లో పారేసింది. దాని స్థానంలో మొదలుపెట్టిన సెంటినెల్ కూడా వెనకబడితే, 2010లో ఆ పనిని కాంట్రాక్టర్ చేతిలోంచి తమ చేతిలోకి తీసుకుని, చిన్న టీమ్‌తో ఎజైల్‌లో నడిపారు. 2012 జూలైలో అది వాడుకలోకి వచ్చింది. రూల్స్ అడ్డం ఉన్నాయా, అలవాటు అడ్డం ఉందా అన్నది ప్రతి చోటా విడిగా చూడాలి. చూద్దాం.

మేనేజర్లను మేం శత్రువులనుకోవడం లేదు. వాళ్ల మీదా పైనుంచి గ్రాఫుల ఒత్తిడి ఉంది. వాళ్లను అడిగేవి రెండే: స్ప్రింట్ అంకెలను ఎవరి అప్రైజల్‌లోనూ వాడొద్దు; టీమ్ ఎంచుకున్న ఒక్క మార్పుకు స్ప్రింట్‌లో చోటివ్వండి. ఇస్తే ఏం జరిగిందో మూడు స్ప్రింట్‌ల తర్వాత వాళ్లే చూసుకోవచ్చు.

ఈ కూటమికి ఇంకా పేరు పెట్టుకోలేదు. అధ్యక్షుడూ లేడు. ఈ ప్రణాళిక గడువు ఆరు నెలలు. ఆ తర్వాత మేం వెళ్లిన టీమ్‌లను పిలిచి, మేం లేని చోట వాళ్లలో వాళ్లు మాట్లాడుకోమంటాం. పనికిరాలేదని వాళ్లు కొట్టేసిన వాక్యాలను కొట్టేస్తాం, అవసరమైతే అన్నిటినీ.

మమ్మల్ని పిలవాలంటే టీమ్‌లో సగానికి పైగా ఒప్పుకుని ఉండాలి. మేనేజర్ ఒక్కరే పిలిస్తే రాం, ఒక్క డెవలపర్ రహస్యంగా పిలిచినా రాం. మొదటి రోజు కోసం గత నెలలో ప్రొడక్షన్‌కు వెళ్లిన ఒక చిన్న మార్పు టికెట్ నంబరు ఎంచి పెట్టండి. దాన్ని ముట్టుకున్నవాళ్లు, టెస్టర్, రిలీజ్ చేసినవాళ్లతో సహా, ఒక గంటసేపు ఒక చోట కూర్చోవాలి. కాగితం, పెన్నులు మేం తెస్తాం.